పేరు బాక్సు

3 మార్చి 1998
అయిపోయింది. పేరు బాక్సు, తేదీ బాక్సు, లిస్టు, బటన్లు. ఒక్కసారి రాసుకుంటే చాలు, ఏ ప్రోగ్రాంలోనైనా పెట్టుకోవచ్చు. మోవా బజార్లో కిరాణా షాపు ప్రోగ్రాంకి మూడు నెలలు పట్టింది. మందుల షాపుకి రెండు రోజులే. ఒకే పేరు రెండుసార్లు కొడితే నా బాక్సు ఒక్కటే ఉంచుతుంది. షాపువాళ్లకి అదే నచ్చింది. మా కంప్యూటర్ షాపు ఓనర్ మల్లేశ్వరరావు సార్ దీన్ని లైబ్రరీ అంటారని చెప్పారు. తొమ్మిదో క్లాసు వదిలేసినవాడికి సొంత లైబ్రరీ!

12 మార్చి
ఉర్లా ఇనుప ఫ్యాక్టరీకి హాజరీ ప్రోగ్రాం ఇచ్చేశాను. అవే బాక్సులు. మూడు రోజుల పని. బంగారమ్మక్క మొగుడు నూకరాజు బావ అక్కడే టెంపరరీ. రెండొందల నలభై రోజుల హాజరీ ఉంటే పర్మనెంట్ చేస్తారు. ఇక బావ హాజరీ నా స్క్రీన్‌లోనే పడుతుందని అక్కతో చెప్పాను. అయితే ఆదివారాలు కూడా ఏసీరా బాబూ అని నవ్వింది.

16 ఆగస్టు
ఇంకో రెండు ఫ్యాక్టరీలకి ఇచ్చాం. కొత్తగా ఒక్క లైన్ కూడా రాయలేదు.

11 జనవరి 1999
పర్మనెంట్ లిస్టు అంటించారు. నూకరాజు పేరుంది. బావ మా బీర్‌గావ్ బస్తీ అంతా జిలేబీ పంచాడు.

12 జనవరి, పొద్దున
అది బావ కాదు. తండ్రి పేరు పరదేశి అని ఉంది. బావ తండ్రి అచ్చయ్య.

అదే రోజు, నాలుగింటికి
ఫ్యాక్టరీకి వెళ్లి చూశాను. మావైపు నూకాలమ్మ పేరు ఇంటికొకడికి పెడతారు. షాపులో ఒకే పేరంటే ఒకే మనిషి అనుకున్నాను. ఇక్కడ ఇద్దరు. రెండో నూకరాజుని, అంటే బావని, ఎక్కించగానే నా బాక్సు మింగేసింది. క్లర్కుకి ఒక్క పేరే కనిపించింది. ఇద్దరిలో ఎవరొచ్చినా దాని మీదే టిక్కు పెట్టాడు. బావ పది నెలలు ఫర్నేసు దగ్గర కాలాడు. కంప్యూటర్ లెక్కలో ఒక్కరోజు కూడా రాలేదు. కూలి డబ్బులు ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, నేరుగా చేతికిస్తాడు, అందుకే ఎవరికీ తెలియలేదు. కాగితం రిజిస్టరు మార్చిలోనే ఆపేశారు. నా ప్రోగ్రాం వచ్చింది కదా అని.

13 జనవరి
తప్పు నాదని ఫ్యాక్టరీకి రాసిస్తానని సార్‌తో అన్నాను. సార్ లేచి తలుపు వేశారు. పాగల్, బావ కోసం నాటకమాడుతున్నావంటారు, ఉన్న కస్టమర్లంతా పారిపోతారు, నోరు మూసుకో అన్నారు.

15 జనవరి
రాసిచ్చాను. ఫ్యాక్టరీ మేనేజరు చదివి, పక్కవాడికి చూపించి నవ్వాడు. సాలాకి జీజా నౌకరీ కావాలట అన్నాడు, బావమరిది బావకి ఉద్యోగం అడుగుతున్నాడని.

18 జనవరి
లెక్కలో లేవని బావని గేటు దగ్గరే ఆపేశారు. బావ ఇంటికొచ్చి చొక్కా విప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్కే అడిగింది. పది నెలల మనిషిని ఎక్కడ దాసీసినావురా అంది.

20 జనవరి
ప్రోగ్రాం సరిచేసి పొమ్మన్నారు. ఒకే పేర్లని కలిపేసే ఆ ఒక్క లైన్ తీసేశాను. బావని మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు ఇద్దరూ కనిపిస్తున్నారు.
నూకరాజు, తండ్రి అచ్చయ్య. హాజరీ 0.