అమ్మకు ఎండ పడదన్నాను

మే 4

కరోనా పాజిటివ్. మందుల షాపు క్యూలో తగులుకుని ఉంటుంది. అమ్మకూ చిట్టికీ నెగటివ్. దేవుడి దయ.

వెనక గదిలోకి మారాను. పద్నాలుగు రోజులు. మంచం, కుర్చీ, ఆక్సీమీటర్, ప్రార్థన పుస్తకం, ఈ డైరీ. తలుపు అవతల ఒక స్టూలు. చిట్టి దాని మీద పళ్ళెం పెట్టి మూడుసార్లు తట్టి వెళ్ళిపోతుంది.

చిట్టి నా చెల్లెలు. నలభై ఆరేళ్ళు వచ్చినా ఆ పేరు పోలేదు. నాలుగు రోజులుండి వెళదామని వచ్చింది, బస్సులు ఆగిపోయాయి. ఇప్పుడు అమ్మ దాని చేతిలో ఉంది. పక్షవాతం వచ్చిన ఈ పదకొండేళ్ళలో అమ్మను ఒక్క పూట కూడా ఇంకొకరికి అప్పగించలేదు నేను.

చేయవలసినవన్నీ రాసి కాగితం తలుపు కింద నుంచి తోశాను. మాత్రలు కల్వంలో మెత్తగా నూరాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. కాగితం రెండు వైపులా నిండింది.

ఇంత పాఠమా, పరీక్ష ఎప్పుడే అక్కా, అంది చిట్టి అవతలి నుంచి.

మే 5

జ్వరం 101. అమ్మ నన్ను అడిగిందా అన్నాను. అడిగిందంది. ఒకసారా, రెండుసార్లా అని అడగలేదు.

మే 7, ఉదయం 10

కిటికీలోంచి వరండా కనబడుతుంది. పదింటికి అక్కడ ఎండ వస్తుంది. అమ్మ చక్రాల కుర్చీ ఎండలో ఉంది. చిట్టి ఎదురుగా పీట వేసుకుని అట్ట మీద అమ్మ బొమ్మ వేస్తోంది.

పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేయడం దాని ఉద్యోగం. కప్ప గుండె, జీర్ణాశయం, పువ్వు అడ్డుకోత. ఇరవై ఏళ్ళుగా అవే. మనిషి ముఖం వేసిన పాపాన పోలేదు. రంగులు కొందామంటే షాపుల్లేవు. పెరట్లో దొరికినవే నూరుతోంది. ఆకులు, పూరేకులు, ఇటుక ముక్క, కాలిన పుల్ల.

ఎందులో నూరుతోందో చప్పుడును బట్టి తెలుస్తోంది. అది నా కల్వం.

కేకేసి అడిగాను. కడిగే వాడుతున్నానంది. మరి అమ్మ మాత్రలో? నూరక్కర్లేదే అక్కా, కాస్త తేనెలో వేసిస్తే బిళ్ళకు బిళ్ళే మింగేస్తోంది, అంది.

పదకొండేళ్ళు నూరాను.

మే 8

అమ్మ నవ్వింది. ఇక్కడికి వినబడింది. ముక్కు సరిగ్గా వెయ్యవే, ఈ ముక్కు చూసే మీ నాన్న మారు మాట్లాడకుండా పెళ్ళికి ఒప్పుకున్నాడు, అంటోంది. నాతో ఎన్నడూ నాన్న గురించి అలా మాట్లాడలేదు. నాతో మాట్లాడేది నడుం నొప్పి గురించి. విరేచనం గురించి.

ప్రార్థనకు కూర్చున్నాను. మనసు నిలవలేదు.

మే 9

ఫ్యామిలీ గ్రూపులో చిట్టి బొమ్మ ఫొటో పెట్టింది. సగమే అయింది. కుడి సగం, పక్షవాతం తగలని వైపు. జుట్టు బూడిదతో, చెంప ఇటుక పొడితో, శాలువా ఆకు పసరుతో. తమ్ముడు ఎనిమిది దండాలు పెట్టాడు. మరదలు వరసగా ఏడ్చే బొమ్మలు. పిన్ని వాయిస్ మెసేజ్ పెట్టింది. అక్క మొహంలో ఇంత కళ చూసి ఎన్నేళ్ళయిందో, చిట్టి వచ్చింది, మా అక్కకు ప్రాణం లేచొచ్చింది, అని.

సాయంత్రానికి నేనూ ఒక దండం పెట్టాను. బాగానే ఉన్నావా అక్కా అని తమ్ముడు విడిగా అడిగాడు. ఆక్సిజన్ 96 అని రాశాను.

మే 10

నేనూ మొదలుపెట్టాను. కిటికీ ఊచలకు పాకిన తీగ నుంచి ఎండుటాకులు గదిలో రాలుతుంటాయి. అవి, మాత్రల పెట్టె అట్ట, జిగురుకు నాలుగు అన్నం మెతుకులు. అమ్మ ముఖం చేద్దామనుకున్నాను. చిట్టిది నాలుగు రోజుల చూపు. నాది పదకొండేళ్ళది.

కళ్ళు మూసుకున్నాను. ముఖం రాలేదు.

కనుబొమలు కలుస్తాయా? పుట్టుమచ్చ ఏ చెంప మీద? తెలియలేదు. వీపు వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చే చోటు వచ్చింది. మడమల పగుళ్ళు ఒక్కొక్కటీ వచ్చాయి.

చివరికి పాదాలు అతికించాను. ఆకుల ఈనెలు పగుళ్ళకు సరిపోయాయి. బొటనవేలి గోటి వంకర కూడా కుదిరింది. బాగా వచ్చాయి. ఎవరికి చూపించను, ఇవి అమ్మ పాదాలని? నాకు తప్ప ఎవరికీ తెలియవు.

మే 11, ఉదయం 9

చేసిన పని చేసినట్టు రాస్తున్నాను. చిట్టికి ఫోన్ చేశాను. డాక్టరుతో మాట్లాడానని, అమ్మ వాడే మాత్రలకు ఎండ పడదన్నారని, బయట కూర్చోబెట్టవద్దన్నారని చెప్పాను.

డాక్టరుతో నేను మాట్లాడనే లేదు. రోజూ కాసేపు ఎండ తగలనివ్వండి అని ఆయన పోయిన నెలే చెప్పారు. తీరిక లేదని నేనే కూర్చోబెట్టలేదు.

చిట్టి సరే అక్కా, అంది.

10 గంటలు

వరండా ఖాళీ. ఎండ మాత్రం వచ్చింది.

మే 12

ప్రార్థన పుస్తకం తెరవలేదు.

మే 13

లోపల వెలుతురు చాలదు. బొమ్మ ఆగిపోయింది. మిగతా సగం ఎప్పుడని గ్రూపులో తమ్ముడు అడిగాడు. అమ్మకు ఎండ పడదుట, అని రాసింది చిట్టి. నా పేరు ఎత్తలేదు.

మధ్యాహ్నం నుంచి అమ్మ అన్నం ముట్టలేదు. చిట్టి బతిమాలడం వినబడుతోంది. నన్ను గడప దాటనివ్వని ఇంట్లో నేను తిననే, అంటోంది అమ్మ. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి అలక! నాకు తెలిసిన అమ్మ పెట్టింది తింటుంది, తిప్పితే తిరుగుతుంది. అలిగే అమ్మ ఒకావిడ ఉందని నాకు తెలియదు.

మే 14

ఈ రోజూ తినలేదు. తేనెతో సహా మాత్ర ఉమ్మేసింది.

మే 15, మధ్యాహ్నం

కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకున్నాను. చిట్టి తట్టగానే, వెళ్ళకు అన్నాను. డాక్టరు ఏమీ అనలేదు. అబద్ధమాడాను. ఓర్వలేక.

అవతల స్టూలు కిర్రుమంది. పళ్ళెం కింద పెట్టి కూర్చున్నట్టుంది.

నాకు తెలుసు, అంది. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసిందట. ఎండ మంచిదేనమ్మా, ఎవరన్నారు, అన్నాడట ఆయన.

మరి బొమ్మ ఎందుకు ఆపావు అన్నాను.

నాతో ఏదైనా వద్దని నువ్వు అనడం ఇదే మొదటిసారి కదే, అంది. ఉద్యోగమంటూ అమ్మను నీ మీద వదిలేసి పోయాను, వద్దనలేదు. పండగపూట చుట్టంలా వచ్చి వెళ్ళాను, వద్దనలేదు. పెద్ద రుషివి, నీకేం కావాలో నోరు తెరిచి చెప్పవు. ఇన్నేళ్ళకు ఒకటి వద్దంటే కాదనమంటావా? అమ్మ ఇంత పంతం పడుతుందనుకోలేదు, ఇవాళ నేనే వచ్చి నిలదీద్దామనుకున్నాను, అంది.

అది ఆపలేదు. నాకు మాత్రం కుళ్ళు లేదనుకున్నావా అంది. ముద్ద పెడితే పెద్దది ఇలా పెట్టదంటుంది మీ అమ్మ. నీళ్ళు పోస్తే పెద్దదాని చెయ్యి మెత్తనంటుంది. తల దువ్వితే పెద్దది ఇలా పీకదంటుంది. కుర్చీ ఎటు తిప్పినా చూపు నీ తలుపు వైపే. ఆ మెడ కాస్త ఇటు తిప్పించడానికే బొమ్మ మొదలెట్టానే తల్లీ, అంది.

అన్నం చల్లారిపోతోంది తిను, అని లేచి వెళ్ళింది.

ఒకటి రాయాలి. అమ్మ దాన్ని అలా సతాయిస్తోందని విని సంతోషించాను. నిజంగా, కడుపు నిండా.

మే 16

చక్రాల కుర్చీ వరండాలోకి వచ్చింది. అమ్మ అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుందట.

మే 18

నెగటివ్. అమ్మకు నీళ్ళు పోశాను. చిట్టి పోసినట్టు లేదే, అంది అమ్మ. చిట్టి వంటింట్లో పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

మే 20

చిట్టి నన్ను గంటసేపు కూర్చోబెట్టి బొమ్మ వేసింది. చూశాను. పెదవులు బిగించి, ఓరగా చూస్తున్న ఆడమనిషి. ఎవరే ఇది, అన్నాను. పోలిక అచ్చు గుద్దినట్టుంది, అంది అమ్మ.

ప్రార్థనకు కూర్చునే చోట, ఎదురుగా తగిలించాను.