శుభ్రమైన కొండ

14 అక్టోబరు 2004, గురువారం

ఈ రోజు కంపెనీ మేనేజరు గారు గుంటూరు నుంచి కొండ చూడటానికి వచ్చారు. ఈ బోడికొండ మళ్లీ అడవి కావాలని రెండేళ్లుగా మొక్కల ఖర్చు, కూలీల ఖర్చు ఆ కంపెనీయే పెట్టుకుంటోంది. పని చూసుకునేది నేను.

ఆయన వస్తున్నారని నిన్న, మిరప చేలల్లో కూలికెళ్లే మస్తానమ్మ ముఠాకి కలుపు తియ్యమని చెప్పి, నేను చీరాల వెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే కొండవాలు మిరప చేనులా ఉంది. మేం నాటిన మొక్కలు వరుసల్లో నిలబడి ఉన్నాయి. మధ్యలో మట్టి తప్ప ఏమీ లేదు.

"ఎట్టా ఉంది సారూ? సాళ్ల మధ్య ఒక్క పరక ఉంచలేదు!" అంది మస్తానమ్మ.

పీకిన కుప్ప పక్కనే వాడిపోతోంది. గడ్డిలో కలిసి వేప, తునికి, మోదుగ. అన్నీ జానెడేసి మొక్కలు. ఎవరూ నాటలేదు, పిట్టలూ గాలీ తెచ్చిన గింజల నుంచి వాటంతట అవే మొలిచాయి. అడవి తిరిగొస్తోందని మొన్ననే మురిసిపోయాను. మస్తానమ్మని ఏమనను? మిరప చేలో సాలు తప్పి మొలిచిందల్లా కలుపే కదా.

మేనేజరు గారు ఫొటోలు తీయించుకున్నారు. "చాలా నీట్‌గా ఉందండీ! పక్క కొండకి కూడా మొక్కలిస్తాం. ఇలాగే ఉంచండి" అన్నారు. అలాగేనండి అన్నాను.

గడ్డి తప్ప ఇంకేదీ పీకొద్దని రేపు మస్తానమ్మకి చెప్పాలి. వచ్చే వానలకి పిట్టలు మళ్లీ గింజలు తెస్తాయి, తొందరేం లేదు. కానీ అప్పుడు ఈ కొండ నిజంగానే అడవిలా కనిపిస్తుంది. అది చూస్తే ఆయనకి నచ్చుతుందో లేదో...