నరసరాజు గారి బండికి నాలుగో మోడ్

రాజేంద్రనగర్,
జూలై 3.

శంషాబాద్ మోటారు సైకిళ్ల షోరూం సర్వీసు మేనేజరు గారికి,

రిటైర్డ్ పోస్టల్ సూపరింటెండెంట్ భూపతిరాజు నరసరాజు వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ మీ దగ్గర బండి కొన్నాక ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు.

మీకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి గొంతు ఒకటి నొక్కమంది, తర్వాత నాలుగు నొక్కమంది, ఆ పైన ఇరవై నిమిషాలు సన్నాయి వినిపించింది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపుదామంటే దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఈ దేశంలో నిదానంగా, భద్రంగా వెళ్లేది ఇంకేదీ మిగిలినట్టు లేదు.

విషయానికి వస్తాను. జూన్ 12న కొన్న ఈ బండిలో రెయిన్, రోడ్, స్పోర్ట్ అని మూడు మోడ్‌లు ఉన్నాయనీ, మొదటి నెల రెయిన్‌లోనే నడపడం మంచిదనీ మీ సేల్స్ ఆయన నాతో స్వయంగా చెప్పారు. నియమం నియమమే. కాబట్టి వాన పడని రోజు బండి గడప దాటరాదని ఇంట్లో ప్రకటించాను. ఎవరూ లెక్కచేయలేదనుకోండి.

ఇక ఫిర్యాదులు. బ్రేకు పనిచేయడం లేదు. మొన్న ఆరాంఘర్ దగ్గర లారీ అడ్డం వస్తే కుడికాలితో శక్తికొద్దీ నొక్కాను. ఏమీ జరగలేదు. బండి తనకు తోచినప్పుడు ఆగింది. పైగా ఏ సమయంలో ఏ మోడ్‌లో ఉన్నామో నాకు కనిపించదు, మీటరు సరైన చోట పెట్టలేదు. సీటు మరీ ఎత్తు, మరీ చిన్నది.

ఆగస్టు 9న ఈ బండి మీదే శ్రీశైలం వెళ్లాలని మా ఇంట్లో తీర్మానం అయిపోయింది. మన్ననూరు దాటాక అంతా ఘాట్ రోడ్డు. ఈలోపు మీరు ఈ బండికి బుద్ధి చెప్పకపోతే, నేను గుడికి చేరకముందే మల్లన్నలో ఐక్యమైపోతాను.

ఇట్లు, ఇంకా ప్రాణాలతో ఉన్న మీ కస్టమరు,
నరసరాజు

తా.క.: ఈ ఉత్తరం కార్బన్ కాపీ నా దగ్గర ఉంది. ఫైలు నంబరు: బండి/1.


శంషాబాద్,
జూలై 8.

పెద్దలు నరసరాజు సార్‌కు,

సర్వీస్ అడ్వైజర్ నిసార్ సలాం చేసి రాస్తున్నా. మీ ఉత్తరం చూసి షోరూం మొత్తం పరేషాన్ అయింది. చేత్తో రాసిన ఉత్తరం మాకు రావడం ఇదే మొదలు. మా మేనేజరు ఉదయభాస్కర్ సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నిసార్, నువ్వు తెలుగు మీడియం కదా, నువ్వే రాయి" అని నా చేతిలో పెట్టారు. మా తెలుగు సార్ కొట్టి నేర్పిన భాషలో రాస్తున్నా. నడుమ నడుమ మా భాష జారితే ఏమనుకోకండి.

రెయిన్ మోడ్ అంటే వానలోనే నడపాలని కాదు సార్. అందులో ఇంజన్ మెత్తగా లాగుతుంది, అందుకే పొడి రోడ్డు మీద కూడా కొత్తవాళ్లకు మంచిది. రోడ్ మోడ్ మామూలుది. స్పోర్ట్‌లో యాక్సిలరేటర్ జర తిప్పితే చాలు, బండి ఉరుకుతుంది. ఇంకోటి, వెనక చక్రం జారబోతే లోపలి కంప్యూటరే ఇంజన్‌ను తగ్గిస్తుంది. దాన్ని ట్రాక్షన్ కంట్రోల్ అంటారు. రెయిన్‌లో దాని కాపలా ఎక్కువ, స్పోర్ట్‌లో తక్కువ. మా ఇంట్లో మా అమ్మ ఉన్న రోజు రెయిన్, ఆమె చెల్లెలింటికి పోయిన రోజు స్పోర్ట్ అనుకోండి.

మోడ్ మార్చాలంటే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, ఎడమ బొటనవేలు దగ్గర ఉన్న బటన్ నొక్కాలి. బ్రేకు కాలుతోనే కాదు, చేత్తో ముందుది కూడా వాడండి. మీటరు కనిపించకపోతే ఒకసారి కళ్లు చూపించుకోండి.

మీ సేవలో,
నిసార్

తా.క.: సీటు చిన్నగా ఉందన్నారు. కంపెనీ అందరికీ అదే సైజు ఇస్తుంది సార్. మిగతాది మనమే తగ్గించుకోవాలి.


రాజేంద్రనగర్,
జూలై 14.

నిసార్ గారికి,

నరసరాజు ఆశీస్సులు. మీ తా.క. చదివాను. దాని గురించి మాట్లాడదలచుకోలేదు.

కొత్త కళ్లద్దాలు వేయించాను. ఇప్పుడు బండి మీద ఎదురుగా నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఒకటి మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. దాని మీద అంకెలు లేవు, అక్షరాలు లేవు. ముందు బ్రేకు చేత్తో పట్టమన్నారు. నా చేతికి అందే దూరంలో అలాంటిదేమీ లేదు. కాలి బ్రేకు యథాప్రకారం దండగ. ఒక చెప్పు అరిగిపోయింది.

ఆదివారం ఎయిర్‌పోర్టు దారిలో జరిగింది చెప్తాను. పక్కన ఒక విమానం దిగుతూ కనిపించింది. కాసేపటికి చూస్తే అది మా వెనక ఉంది. "మెల్లగా, మెల్లగా" అని నోటితో మొత్తుకున్నాను. వేగం తగ్గకపోగా పెరిగింది. ఈ రోజుల్లో ఫోన్లు కూడా చెప్పిన మాట వింటున్నాయి. ఇంత బండికి ఆ మాత్రం తెలియదా?

నాకు స్పోర్ట్ మోడ్ వద్దు. బండిలోంచి దాన్ని పీకి మీరే ఉంచుకోండి.

ఇట్లు, కొత్త చెప్పులు కొనుక్కోవలసి వచ్చిన
నరసరాజు

తా.క.: మా ఆవిడ నాగమణికి ఈ ఉత్తరాల సంగతి తెలియదు, తెలియకూడదు. జవాబులు ఇంటికి కాక పోస్టాఫీసుకే పంపండి. అక్కడ నాకింకా కొంచెం గౌరవం ఉంది.


శంషాబాద్,
జూలై 21.

పెద్దలు నరసరాజు సార్‌కు,

నిసార్ మళ్లీ సలాం చేసి రాస్తున్నా. మీరు అంకెలు లేవు, అంతా నల్లగా ఉందనగానే స్క్రీన్ పోయిందనుకున్నాం. అందుకే శనివారం వ్యాన్ తెచ్చి, ఫ్రీ చెకప్ అని మేడంకు చెప్పి, బండి తీసుకుపోయినం. మీరు అప్పుడు మార్కెట్‌కు పోయారట.

స్క్రీన్ మార్చినం. బ్రేకు ప్యాడ్లు మార్చినం, ఆయిల్ మార్చినం. పైఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చి లాప్‌టాప్ పెట్టి రెండు గంటలు చూసి, "బండిల ఏం లేదు, కస్టమర్‌ను చూడండి" అన్నడు. నేనే జల్‌పల్లి దాకా నడిపిన. వేలు పెడితే ఆగుతుంది. ఉదయభాస్కర్ సార్‌కు మాత్రం నిద్ర లేదు. దేశంలోని ఈ రకం బండ్లన్నీ వెనక్కి పిలవాల్సి వస్తుందేమోనని ఆయన భయం.

మేడం చాయ్ ఇచ్చారు. పాపం, మీ గురించి ఎంత ఫికరో! "బాబూ, ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ ఎంత పెట్టుకుంటే మంచిది?" అని అడిగారు. యాక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది చూడండి, అదన్నమాట. ఆ మాట ఎక్కడ విన్నారో ఏమో. "అవన్నీ సార్ చూసుకుంటారమ్మా, మీరు పరేషాన్ కావొద్దు" అని ధైర్యం చెప్పి వచ్చిన. ఆమె నా దిక్కు చాలాసేపు చూశారు.

సార్, మీ కష్టానికి మందు నాలుగో మోడ్. దాన్ని కస్టమ్ అంటారు. అందులో ఇంజన్ లాగుడు, చక్రం జారకుండా కాపలా, బ్రేకు, అన్నీ విడివిడిగా మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు. స్పోర్ట్‌ను పీకడం కుదరదు, కానీ స్క్రీన్ మీద కనిపించకుండా దాచొచ్చు. ఎట్ల కావాలో రాయండి.

మీ సేవలో,
నిసార్

తా.క.: బండికి చెవులు లేవు సార్. కంపెనీవాళ్లు ఇంకా పెట్టలేదు.


రాజేంద్రనగర్,
జూలై 27.

నిసార్ గారికి,

నరసరాజు ఆశీస్సులు. ఇంజన్ లాగుడు వీలైనంత తక్కువ పెట్టండి. కాపలా వీలైనంత ఎక్కువ. స్పోర్ట్, రోడ్ రెండూ దాచేయండి. దాచినట్టు ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ఇది జరగకపోతే వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తానని రాద్దామనుకున్నాను. వేయను. మీరు మంచివారు.

ఒక మాట చెప్తాను, ఎవరికీ చెప్పకండి. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నరసరాజు భయపడ్డాడని ఏ కాగితం మీదా లేదు. ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నానంటే మూడు మండలాల పోస్టుమాస్టర్లు గడ్డం గీసుకునేవారు. అలాంటి నేను మీకు రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. బండి వంగిన ప్రతిసారీ ప్రాణం గొంతులోకి వస్తోంది. శ్రీశైలం ఇంకా పదమూడు రోజులే ఉంది. రానని చెప్పలేను, వెళ్లలేను.

ఇట్లు, మీ మీదే ఆశ పెట్టుకున్న
నరసరాజు

తా.క.: ఎడమ బొటనవేలి బటన్ సంగతి. ఎలాగైనా నొక్కాలని గగన్‌పహాడ్ దగ్గర చేయి చాపి చూశాను. డొక్కలో మోచేతి పోటు తగిలింది. ఇది కూడా ఆ కంప్యూటర్ పనేనా?


శంషాబాద్,
జూలై 31.

పెద్దలు నరసరాజు సార్‌కు,

నిసార్ సలాం. మొన్న బుధవారం ఇంకో ఫ్రీ చెకప్ అని చెప్పి వచ్చి, మీరు రాసినట్టే పెట్టిన. ఇగ కస్టమ్, రెయిన్ తప్ప ఏమీ కనిపించవు. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి పెళ్లికొడుకు గుర్రం లెక్క పోతుంది. బేఫికర్‌గా శ్రీశైలం పోయిరండి.

భయపడితే సిగ్గేముంది సార్? రోజూ వంద బండ్లు చూసే నాకే ఔటర్ రింగ్ రోడ్ మీద చేతులు చెమట పడతాయి. మోచేతి పోటు మాత్రం మా ఇంజనీరుకు కూడా అర్థం కాలేదు. కంప్యూటర్‌కు మోచేతులు లేవని రాతపూర్వకంగా ఇచ్చాడు, దీనితో జత చేస్తున్నా.

మీ సేవలో,
నిసార్

తా.క.: మీ ఉత్తరాలు ఇంట్ల చదువుతుంటే మా ఆవిడ మాజిదా పడి పడి నవ్వింది. "గా సార్ బాధ నాకు తెల్సు, ఇరవై ఏండ్ల సంది నాది గదే బాధ" అన్నది. ఏందని అడిగితే చెప్తలేదు. ఆమెకు బండి నడపనే రాదు సార్, ఏం తెలుస్తది?


రాజేంద్రనగర్,
ఆగస్టు 16.

చిరంజీవి నిసార్‌కు,

నాగమణి ఆశీర్వదించి రాయునది. మీరు రెండో చెకప్ చేసి వెళ్లిన సాయంత్రమే, చౌరస్తా దగ్గర చెరుకురసం బండి నన్ను దాటిపోయింది. అతను దాన్ని తోసుకుంటూ వెళ్తున్నాడు. ఇంటికొచ్చి మాన్యువల్ కోసం బీరువా వెతికితే, దాని కింద మా వారి ఫైలు దొరికింది. మాన్యువల్ చదివి మీరు దాచినవన్నీ పది నిమిషాల్లో బయటికి తీశాను. ఫైలుకు మాత్రం గంట పట్టింది.

బాబూ, ఆ బండి నడిపేది నేను. మా వారికి సైకిలు తప్ప ఏదీ రాదు, వెనక కూర్చుంటారు. ఆయన కాలితో నొక్కుతున్నది బ్రేకు కాదు, కాళ్లు పెట్టుకునే కడ్డీ. మీరు మార్చిన స్క్రీన్‌కు ఏ రోగమూ లేదు. ఆయనకు నల్లగా గుండ్రంగా కనిపించింది నా హెల్మెట్. మోచేయి కూడా నాదే. నడుస్తున్న బండి మీద నా చంకలోంచి చేయి దూర్చితే మరేం చేయను?

మీ తప్పూ లేకపోలేదు. కొన్న రోజు ప్రశ్నలన్నీ నేను అడిగాను, జవాబులన్నీ మీవాళ్లు ఆయనకు చెప్పారు. అడక్కుండానే బిల్లు మీద ఆయన పేరు రాశారు. పోనీలే, పేరుతో బండి నడవదు కదా అని ఊరుకున్నాను. ఇరవై ఆరేళ్లు జల్‌పల్లి స్కూల్లో లెక్కలు చెప్పడానికి మోపెడ్ మీద వెళ్లొచ్చినదాన్ని. ఒంట్లో ఓపిక ఉండగానే నిజమైన బండి ఒకటి నడపాలని నాకు కోరిక.

ఫైలు చదువుతూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. చివరి ఉత్తరానికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో, పోస్టాఫీసంతా చేతిలో ఉండి కూడా, ఈ మనిషి నాకు ఒక్క కార్డు ముక్క రాయలేదు. భయంగా ఉందన్న మాట మీకు స్పీడ్ పోస్టులో పంపారు. అది నాకు రావలసిన ఉత్తరం. చాలా కష్టమనిపించింది.

ఆయన్ను ఏమీ అనలేదు. కస్టమ్ మోడ్ మళ్లీ నేనే పెట్టాను. లాగుడు మెత్తగా, కాపలా పూర్తిగా. ఇంజన్ బ్రేకింగ్ కాస్త తగ్గించాను, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనకాయన వచ్చి నా వీపుకు గుద్దుకోకుండా. దానికి పేరు పెట్టుకోవచ్చని మాన్యువల్‌లో ఉంటే 'రాజు' అని పెట్టాను. శ్రీశైలం ఆ మోడ్‌లోనే వెళ్లొచ్చాం. ఘాట్ మీద ఆయన నా భుజం తట్టి, "నాగమణీ, అడవి ఎంత బాగుందో చూశావా" అన్నారు. ఇదివరకు మలుపుల్లో కళ్లు మూసుకునేవారట. ఇంటికొచ్చాక ఫైలు చేతికిచ్చాను. దాచుకున్న మీ ఆఖరి జవాబు కూడా తెచ్చి నాకు చూపించి అందులో పెట్టారు. తర్వాత, తనకూ నేర్పమన్నారు.

మాజిదాను అడిగానని చెప్పండి. ఆమెను వెనక కూర్చోబెట్టుకుని మీరు ఎంత వేగంతో వెళ్తారో ఒకసారి ఆమెనే అడగండి.

ఇట్లు,
నాగమణి

తా.క.: నిన్న మామిడిపల్లి దగ్గర ప్లాట్లు వేసి అమ్ముడుపోని వెంచరులో, ఎల్ బోర్డు కట్టి ఆయనకు బండి ఇచ్చి నేను వెనక కూర్చున్నాను. రెయిన్ మోడ్, గంటకు పదకొండు కిలోమీటర్లు. పురుగు కూడా లేని రోడ్డు మీద ప్రతి మలుపులో హారన్ కొట్టి, ఆగి, ఇటూ అటూ చూసి, మళ్లీ బయలుదేరారు. రెండు రౌండ్లకే నాకు పిచ్చెక్కింది. నిసార్ బాబూ, ఆ రెయిన్ మోడ్‌ను ఇంకాస్త వేగంగా వెళ్లేలా చేయడం కుదురుతుందా? ఆయనతోనే అందామంటే నొచ్చుకుంటారు. అందుకే మీకు రాస్తున్నాను.