గ్రాఫిక్స్ కార్డు చప్పుడు

మయూర్ విహార్, నవంబరు 2003, ఆదివారం

కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను నెల రోజులుగా గరగరమంటోంది. పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీ ఎల్లమ్మతో నేను చేసిన రికార్డింగులో మాటలు సరిగ్గా వినబడకపోవడానికి కారణం అదేననుకున్నాను. ఆమె భర్త నోయిడాలో కడుతున్న భవనం మీంచి పడి చనిపోయాడు. నడుముకు తాడు లేకుండా ఎక్కనన్నా వినకుండా ఎక్కించింది ఎవరో ఆమె నాకు చెప్పింది. ఆ రికార్డింగు వింటేగాని వార్త వెయ్యనివ్వనన్నాడు మా పత్రిక లాయరు. రేపు వినిపించాలి.

సాయంత్రం దుమ్ము దులిపి, ఫ్యాను ఇరుసులో కుట్టుమిషను నూనె వేశాను. తగ్గలేదు. చివరికి కార్డునే పీకేసి, మానిటరు వైరు మదర్‌బోర్డుకు తగిలించాను. గది నిశ్శబ్దమైంది. రికార్డింగు పెట్టాను.

"వద్దన్నా ఎక్కించిండు సారూ..."

"ఎవరమ్మా?" అది నా గొంతు. ఆ తర్వాత అంతా గరగర.

మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "పాపా, కార్డ్ తో బాహర్ హై. ఫిర్ యే ఆవాజ్?" అంది, కార్డు బయటే ఉంటే మరి ఈ చప్పుడెక్కడిదని.

కార్డు నిజంగానే బల్ల మీద ఉంది. అప్పుడు అర్థమైంది. ఆమెతో మాట్లాడి వచ్చిన రోజు టేప్ రికార్డరులో క్యాసెట్టు మోగిస్తూ, మైకును కంప్యూటరు డబ్బా మీదే పెట్టి కంప్యూటరులోకి ఎక్కించాను. ఆమె మాటతో పాటు ఫ్యాను చప్పుడూ ఎక్కింది. ఆ క్యాసెట్టులో ఆమె మాటల మీదే, ఎప్పటి అలవాటు ప్రకారం, మర్నాడే ఒక మంత్రిగారి ప్రెస్‌మీట్ రికార్డు చేశాను.

"ఆ ఆంటీనే మళ్ళీ పూఛ్ లో నా," అంది అమ్మాయి, మళ్ళీ అడిగితే సరిపోతుందన్నట్టు.

ఆ భవనం పని ఆగిపోయింది. ఎల్లమ్మతో సహా పాలమూరు కూలీలు ఎటు వెళ్లారో మేస్త్రీకి కూడా తెలియదట.

ఆమె చెప్పిన పేరు నాకు బాగా గుర్తుంది. రేపు లాయరు ముందు పెట్టడానికి మాత్రం ఫ్యాను చప్పుడే ఉంది.