ఇరవై ఆరో మంచం మీది పచ్చ చీటీ

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

(లోపల ఉన్నది అమ్మగారైతే మన్నించవలెను. తలుపు మీద హోదా ఉన్నది గాని పేరు లేదు.)

విషయం: జ్వరాల వార్డులో ఇరవై ఆరో మంచం రోగికి ఇచ్చిన పచ్చ చీటీని ఎర్ర చీటీగా మార్చి, ఈ రోజే రక్తపరీక్ష చేయించుట గురించి.

సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు రోగి నా తమ్ముడు. వయసు ముప్పై ఎనిమిది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వైరస్ జ్వరంతో మొన్న ఉదయం తమ ఆసుపత్రిలో చేరినాడు. అప్పుడు నింపిన ఫారంలో 'ముందునుంచి ఉన్న జబ్బులు' అన్నచోట 'ఏమీ లేవు' అనే గడిలో టిక్కు ఉన్నది. వయసు తక్కువ, వేలికి పెట్టిన మిషనులో ఆక్సిజన్ తొంభై అయిదు, పాత జబ్బులు లేవు. ఈ మూడూ చూసి, తొందర లేదని పచ్చ చీటీ ఇచ్చినారు. తమ నియమం ప్రకారం అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

2. సదరు టిక్కు మాత్రం తప్పు. నా తమ్ముడికి పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు ఉన్నది. తమకు చెప్పవలసిన పని లేదు, కాని ఈ కాగితం తమకంటే ముందు గుమస్తాగారు చదువుతారు కనుక రెండు ముక్కలు రాస్తున్నాను. వాడి ఎర్ర రక్తకణాలు గుండ్రంగా ఉండవు, కొడవలిలా వంగిపోతాయి. జ్వరంతో ఒంట్లో నీరు తగ్గినా, ఊపిరి అందకపోయినా ఇంకా ఎక్కువగా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. మరొకటి. మన కణాలు సుమారు నాలుగు నెలలు బతుకుతాయి, వాడివి రెండు మూడు వారాలు. కొన్ని వైరస్‌లు కొత్త రక్తం తయారుకాకుండా వారం పదిరోజులు ఆపేస్తాయట. ఆ సంగతి మనకు తెలియనైనా తెలియదు. వాడికి మాత్రం నిలవ ఉండదు, అయిపోతుంది.

ఇది చదివి తెలుసుకున్నది మాత్రమే కాదు. వాడికి పదకొండేళ్ళప్పుడు ఇలాంటి జ్వరమే వచ్చి, ఎనిమిది ఉన్న హిమోగ్లోబిన్ మూడు రోజుల్లో నాలుగుకు పడిపోయింది. ఆ నాటి రిపోర్టు జతపరచితిని. వెనకవైపు మా అమ్మ పెన్సిలుతో వేసుకున్న జ్వరం లెక్క ఉన్నది. దయచేసి దాన్ని చెరపవద్దు.

3. పచ్చ చీటీ వాళ్ళకు మొదటి రక్తపరీక్ష నాలుగో రోజున. అంటే రేపు. ఎర్ర చీటీ లేనిదే ల్యాబు వాళ్ళు రక్తం గొట్టం పుచ్చుకోరని వార్డు సిస్టరు చెప్పింది. పాపం, ఆమె మంచిదే. "నా చేతుల్లో ఉంటే ఇప్పుడే తీసేదాన్నమ్మా" అన్నది.

4. ఈ ఉదయం డాక్టరుగారు వార్డులోకి వచ్చినప్పుడు, బయటివాళ్ళను లోపలికి రానివ్వరు కనుక, నేను వార్డు అద్దం ఇవతల ఉండి, తమ్ముడి ఫోనులో ఆయనతో మాట్లాడినాను.

"సార్, వాడికి సికిల్ సెల్ ఉందండీ. ఫారంలో పడలేదు."

ఆయన వాడివైపు తిరిగి, "ఏమయ్యా, ఉందా?" అని అడిగారు.

"అబ్బే, మా అక్క అంతే సార్. నేను తుమ్మితే చాలు, ఇంటర్నెట్టంతా తిరగేస్తుంది. పాఠాలు చెప్పి చెప్పి అలా అయిపోయింది."

"మరి కళ్ళు పచ్చగా ఉన్నాయేం?"

"ఇరవై అయిదో మంచం పెద్దాయన గురక ఒక్కసారి వినండి సార్, మీకూ పచ్చబడతాయి."

పెద్దాయనతో సహా అందరూ నవ్వినారు. అద్దం ఇవతల నాకూ నవ్వు వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. స్పృహలో ఉన్న మనిషి తన ఒంటి సంగతి తానే చెప్తుంటే డాక్టరుగారు ఎవరి మాట నమ్మాలి? నేను ఇంటికి పరుగెత్తి పెట్టె అడుగున ఉన్న రిపోర్టు వెతికి తెచ్చేసరికి ఆయన వెళ్ళిపోయినారు. మళ్ళీ రేపు ఉదయమే వస్తారట.

5. తరువాత కౌంటరు దగ్గరికి వెళ్ళినాను.

"చీటీ రంగు మార్చాలంటే ఫారం మారాలమ్మా. ఫారం మీద సంతకం ఎవరిది?" అన్నారు గుమస్తాగారు.

"నాదే."

"టిక్కు?"

"నాదే."

"అయితే తప్పు రాశానని మీరే రాసివ్వండి. సూపరింటెండెంటుగారు చూస్తారు."

"ఎప్పుడు చూస్తారండీ?"

"మీటింగులో ఉన్నారు. అర్జీలు వరసలో వెళ్తాయి. మీ ముందు పదకొండున్నాయి."

ఒకటో అంశంలో 'టిక్కు ఉన్నది' అని ఊరుకున్నాను. ఆ టిక్కు పెట్టింది నేను. చదువుకున్నదాన్ని, కళాశాలలో గణాంక శాస్త్రం చెప్పేదాన్ని, నా చేత్తో, నా పెన్నుతో పెట్టాను.

ఎందుకు పెట్టానంటే, వాడి కంపెనీలో ఎత్తు మీద పనిచేసేవాళ్ళకు ఈ జబ్బు ఉందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. సెలవు మంజూరుకు ఆసుపత్రి ఫారం నకలు అక్కడికి వెళ్తుంది. పదిహేనేళ్ళుగా ప్రతి ఫారంలోనూ మా ఇంట్లో 'ఏమీ లేవు' అనే రాస్తాం. అలవాటైపోయింది. ఎవరైనా అడిగితే అమ్మ "మావాడికి రక్తం కాస్త పలచన" అనేది, జబ్బు అన్న మాట మా గడప దాటనిచ్చేది కాదు. మొన్న వాడు కుర్చీలో వాలిపోయి ఉండి కూడా నా మోచెయ్యి గిల్లాడు. "అక్కా, ఎప్పటిలాగే టిక్కు కొట్టెయ్" అన్నాడు. కొట్టేశాను.

ఈ జబ్బు అమ్మ దగ్గర సగం, నాన్న దగ్గర సగం ఉండేది. వాడికి రెండు సగాలూ వచ్చాయి, నాకు ఒక్కటే వచ్చింది. అందుకే నాకేమీ కాదు. "ఇంట్లో ఏది పంచినా మంచిది పెద్దదానికే" అని వాడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. అర్జీలో ఇది రాయవచ్చునో రాయకూడదో నాకు తెలియదు. రాసింది కొట్టివేస్తే కాగితం బాగుండదని వదిలేస్తున్నాను.

నేను డాక్టరును కాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు వైరస్ జ్వరాల్లో ప్రమాదం ఎక్కువని చదివాను, చాలామంది కోలుకుంటారనీ చదివాను. మా వాడు ఏ లెక్కలోకి వస్తాడో చెప్పడానికి నా చదువు పనికిరాలేదు. నాది ఉత్త భయమే కావచ్చు. అలా అయితే ఒక గొట్టం రక్తం వృథా అవుతుంది, తమ ముందు నేను నవ్వులపాలవుతాను. భయం నిజమైతే రేపటిదాకా ఆగడం ఏమవుతుందో తమకే బాగా తెలుసు.

ఒక్క విషయం మాత్రం నేను కొలిచి చెప్పగలను. వాడు ఏదైనా అంతస్తుల్లో చెప్తాడు. ఆకలి మూడో అంతస్తులో ఉందంటాడు, కోపం టెర్రస్ మీదికి వెళ్ళిందంటాడు. మొన్న చేరినప్పుడు "ఊపిరి నాలుగో అంతస్తు దాకా వెళ్తోందే, పర్లేదు" అన్నాడు. నిన్న సాయంత్రం రెండు అన్నాడు. ఈ ఉదయం డాక్టరుగారు వెళ్ళాక, ఛాతీలో ఒక పక్క పట్టేసిందని చెప్పి, ఒకటి అన్నాడు. ఇది తమ ఫారంలో ఏ గడిలోకీ రాదని తెలుసు.

కావున తమరు దయతో,

(అ) ఫారంలో నేను పెట్టిన టిక్కు కొట్టివేయించి, 'సికిల్ సెల్, పుట్టుకతో' అని రాయించి, ఎర్ర చీటీ ఇప్పించవలెను. తప్పు రాసినందుకు ఏ చర్య తీసుకున్నా నామీదనే తీసుకోవలెను.

(ఆ) ఈ రోజే, వీలైతే ఈ గంటలోనే, రక్తం తీయించి ఛాతీ ఎక్స్‌రే చేయించవలెను.

(ఇ) సవరించిన ఫారం నకలు వాడి కంపెనీకి వెళ్ళకుండా ఆపగలిగితే జన్మంతా రుణపడి ఉంటాను. ఆపలేకపోతే పంపించండి. నాతో మాట్లాడనంటాడు. మాట్లాడకపోతే మానె, మాట్లాడేంత ఊపిరి వాడికి ఉంటే చాలు.

పై పదకొండు అర్జీల వాళ్ళకూ తొందర ఉండే ఉంటుంది. అయినా నా కాగితాన్ని అన్నిటికంటే పైన పెట్టి చిత్తగించవలెనని, సిగ్గు విడిచి వేడుకుంటున్నాను.

తమ విధేయురాలు,
ఇరవై ఆరో మంచం అక్క

జత: పాత రక్తపరీక్ష రిపోర్టు ఒకటి, మడత దగ్గర చిరిగినది.

తా.క. ఇది మడతపెట్టాక మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళాను. ఈ కాగితం విప్పి అద్దానికి ఆనించి పట్టుకున్నాను. వాడు పడుకునే చదివాడు, చాలాసేపు. చదవడం అయ్యాక, ఉదయం 'అబ్బే' అన్నట్టే ఇప్పుడూ అడ్డంగా తల ఊపుతాడనుకున్నాను. ఊపలేదు. ఫోను చేసి "ఎన్నో అంతస్తురా?" అని అడిగాను. ఫోను గుండెల మీద పెట్టుకుని, చెయ్యి పైకెత్తి పిడికిలి చూపించాడు. వేలు ఒక్కటీ లేవలేదు.

నేను మీ గుమ్మం ముందు బల్ల దగ్గరే నిలబడి ఉన్నానండీ. కాగితం గుమస్తాగారికి ఇవ్వడం లేదు, తలుపు కింద నుంచి లోపలికి తోస్తున్నాను. మీటింగు ఆపండి. తలుపు తీయండి.