బండి నడపకూడని రోజులు

మార్చి 3, సోమవారం

నడుం పట్టేసింది. మూడో అంతస్తు నుంచి ఒక పెద్దాయనను స్ట్రెచర్ మీద దింపుతుంటే మెట్ల మలుపులో కలుక్కుమంది. లిఫ్టు పాడు. పళ్ళ బిగువున దింపాను, ఆస్పత్రిలో అప్పగించాను. తీరా అంబులెన్స్‌ను షెడ్డులో పెట్టాక సీట్లోంచి దిగలేకపోయాను. లంబు వచ్చి, ఇక నిన్ను కూడా వెనకే పడుకోబెడతానన్నాడు. వెనక పేషెంట్లను చూసుకునేది అతనే. మనిషి తాటిచెట్టంత ఎత్తు. నవ్వొచ్చింది. నవ్వితే కూడా నొప్పే.

మార్చి 4, మంగళవారం

డాక్టరు కండరాలు వదులయ్యే మాత్ర, మజిల్ రిలాక్సెంట్ రాశాడు. పొద్దున ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. ఇంకేం మందులు వాడుతున్నావని అడిగాడు. ముక్కు కారితే జలుబు మాత్ర వేసుకుంటానన్నాను. రెండూ మత్తు తెచ్చేవే, కలిపితే లేవలేవు, అది మానెయ్యమన్నాడు. మద్యం ముట్టకూడదు. బండి అసలే ముట్టకూడదు. నా కూడే అదండీ అంటే, అందుకే సెలవు రాస్తున్నానన్నాడు.

మందుల షాపు ఆవిడ మళ్ళీ అదే పాట పాడింది. తలూపి వచ్చాను.

అక్కకి ఫోన్ చేశాను. పక్క ఊళ్ళో ఆస్పత్రిలో ఉంది. ఆమె గుండె సగం బలంతోనే పనిచేస్తోందని పోయినేడే చెప్పారు. ఊళ్ళోవాళ్ళందరినీ మోసేదానివి, నిన్ను మోసేవాడు ఒక్కడూ దొరకలేదా అని ఎగతాళి చేసింది. మాటకీ మాటకీ మధ్య ఆయాసం. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలియదు. నాకు తల దువ్వింది, బడికి పంపింది, లైసెన్సు వచ్చిన రోజు మొదటిసారి నా పక్కన కూర్చుంది అక్కే.

మార్చి 5, బుధవారం

ఒళ్ళంతా దూది. చెంచా చేతిలోంచి జారిపోతోంది.

మార్చి 6, గురువారం

రాత్రి మాత్ర వేసుకోకుండానే నిద్రపోయాను. పొద్దున రెండూ కలిపి మింగేద్దామా అనిపించి షాపు ఆవిడకి ఫోన్ చేశాను. పోయిందానికోసం రెట్టింపు వేసుకోవద్దమ్మా, ఈ పూటది ఈ పూటే, లేచేటప్పుడు కాసేపు మంచం మీద కూర్చుని లే, కళ్ళు తిరుగుతాయి అంది. తిరిగాయి కూడా. గోడ పట్టుకున్నాను.

నొప్పి మాత్రం తగ్గుతోంది. ఈ వారం దాటాక ఎవరినైనా తోడు తీసుకుని అక్కను చూసి రావాలి.

మార్చి 8, శనివారం, టాక్సీలో

 ఏదో ఒకటి రాయకపోతే అరిచేస్తాను.

బావ ఫోన్ చేశాడు. అమ్మాయ్, మీ అక్కకి బాలేదు, దగ్గరివాళ్ళను పిలవమంటున్నారు, ఉన్నపళంగా రా అన్నాడు. నేను అప్పుడే టిఫిన్ తిని మాత్ర వేసుకున్నాను. తాళాలు తీసుకుని కిందికి పరిగెత్తాను. నా కారులో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాను కూడా. ఎదుటి గోడ మీద పసుపు గీత ఉంటుంది. అది రెండు గీతలుగా కనిపించింది. కళ్ళు నులుముకుని చూశాను. రెండే.

ఇలాంటి కళ్ళతో నడిపినవాళ్ళను నేను నుజ్జయిన బండ్ల రేకుల్లోంచి బయటికి లాగాను. వాళ్ళు గుద్దినవాళ్ళనూ లాగాను. ఒకసారి ఒక తల్లీ బిడ్డా.

ఇంజన్ ఆపేశాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. లంబుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాడు. పక్కింటివాళ్ళు లేరు. మొదటి టాక్సీ వస్తానని రాలేదు. ఇది రెండోది. డ్రైవరు నెమ్మదస్తుడు. సిగ్నల్ పసుపు పడగానే ఆపుతాడు. నేను అతని మీద అరిచాను. నీళ్ళ సీసా ఇచ్చాడు.

అదే రోజు, సాయంత్రం

అక్క అందలేదు.

మార్చి 9, ఆదివారం

అంతా అయిపోయింది. బావ నా వైపు చూడలేదు. అందరూ వెళ్ళిపోయాక చూశాడు. ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాళ్ళందరినీ ఆగమేఘాల మీద చేరవేస్తావే, మీ అక్క దగ్గరికి మాత్రం రాలేకపోయావు అన్నాడు. మాత్ర వేసుకున్నాను బావా అన్నాను. ఒక మాత్రకా అన్నాడు. అంతే.  నా దగ్గర ఉన్న జవాబు ఆ గదిలో చెప్పేది కాదు.

నడుం మళ్ళీ మెలిపెడుతోంది. దాన్ని పట్టించుకోవడానికే సిగ్గుగా ఉంది.

మార్చి 10, సోమవారం

బావ రెండు రోజులుగా కన్ను మూయలేదు. పొద్దుగూకుతుండగా వాళ్ళింట్లో నాకిచ్చిన గదిలోకి వచ్చి, నీ మాత్రలు మత్తుగా ఉంటాయటగా, రెండివ్వు అన్నాడు. మందు వాసన గుప్పుమంది. ఇవ్వనన్నాను. ఇది నా ఒంటికి రాసింది, పైగా నువ్వు తాగి ఉన్నావు, రెండూ కలిస్తే నిద్రలో ఊపిరి ఆగిపోవచ్చు బావా అన్నాను. ఆగనీ అన్నాడు.

ఆ మాట విన్నాక మాత్రల డబ్బా జాకెట్టులో దోపుకున్నాను. వంటింట్లో సీసాలో మిగిలింది తూములో పోశాను. పక్కవీధిలో ఉండే వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చేసి, వచ్చి ఇక్కడే పడుకోండి, రేపు బావను డాక్టరుకు చూపిద్దాం అన్నాను. ఆయన వచ్చేదాకా బావ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నువ్వూ నీ రూల్సూ అని తిట్టాడు. తిడుతూ తిడుతూ ఏడ్చాడు. అది నాకు పెరుగు తోడుపెట్టడం కూడా నేర్పలేదు, చెప్పకుండా పోయింది అన్నాడు. నేనూ ఏడ్చాను. ఒకళ్ళనొకళ్ళం ఓదార్చుకోలేదు. అయినా ఎవ్వరం లేచి వెళ్ళలేదు.

మార్చి 13, గురువారం

అక్క కూతురు నా మంచం మీదికి వచ్చి పడుకుంది. ఇంటర్ చదువుతోంది, కాళ్ళు మంచం బయటికి వస్తున్నాయి. పిన్నీ, ఒకటి చెప్పనా, నాన్నకి చెప్పబుద్ధి కావట్లేదు అంది.

ఆ రోజు అక్కకి మధ్యలో తెలివి వచ్చిందట. చిన్నది బయల్దేరిందా అని అడిగిందట. బయల్దేరింది, టాక్సీలోంచి ఫోన్ చేసింది అని పిల్ల చెప్పిందట. అక్క కళ్ళు మూసుకుని, హమ్మయ్య, తను నడపట్లేదన్నమాట, మెల్లగా రమ్మను అందట.

ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. ప్రతిసారీ అదే మాట, అదే వరసలో చెప్పింది పాపం. మెల్లగా రమ్మను.

మెల్లగానే వచ్చానక్కా.

మార్చి 21, శుక్రవారం

డాక్టరు వంచి, తిప్పి చూశాడు. ఇక మాత్రలు అక్కర్లేదన్నాడు. మిగిలినవి షాపు ఆవిడకి తిరిగిచ్చేశాను, పారెయ్యడానికి. ఎలా ఉన్నావని అడిగింది. నడుం సంగతేనా అడుగుతున్నారు అన్నాను. ఆవిడ కౌంటరు దాటి ఇవతలికి వచ్చింది.

బావ ఫోన్ చేయడు. నేను చేస్తే ఎత్తుతాడు. తిన్నావా అంటాను, తిన్నాను అంటాడు.

ఏప్రిల్ 14, సోమవారం

డ్యూటీ. అక్క ఊరి ఆస్పత్రికే కేసు. వెనక లంబు దగ్గర ఒకావిడ, ముందు నా పక్కన ఆవిడ చెల్లెలు. దారి పొడుగునా ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. చేర్చాను. తలుపు తీయగానే లోపలినుంచి ఆవిడ చెల్లెల్ని పేరు పెట్టి పిలిచింది. అక్క పిలిచినట్టే అనిపించి, నేను పలికాను.