పూత మీద దున్నిన చేను

వ్యవసాయ జైలు,
ఆగస్టు.

ప్రియమైన వినోదకు,

అంబదాస్ రాసుకునేది. నేను మంచిగనే ఉన్న. నువ్వు, బిడ్డ సహజ పానం మంచిగ ఉన్నరనుకుంట.

నన్ను గోడల జైలు నుంచి చేన్ల జైలుకు మార్చిండ్రు. పొద్దంత పొలం పనే. చేతులకు మల్ల మన్ను తాకింది. ఈడ ఒక చెలక భూమి బండ లెక్క గట్టిగుండె. అండ్ల అనుములు చల్లిండ్రు. పూతకు రాంగనే కాయ కానియ్యకుండ దున్ని మన్నుల కలిపిండ్రు. పచ్చిరొట్ట ఎరువన్నట్టు. రొట్టంత కుళ్లినంక ఆ మన్ను పిడికిట్ల పడితె పుట్నాల పిండి లెక్క రాలుతున్నది.

మన చేను దున్నక పడావు వడి ఐదేండ్లాయె. నువ్వు గూడ అనుములు చల్లు. పూత మీదనే దున్నియ్యి, కాయకు ఆశ పడకు. వచ్చే ఎండకాలం నన్ను ఇడుస్తరంటున్నరు. వానలు వడేటాల్లకు నేను గా చేన్ల ఉండాలె.

ఆ దినం గెట్టు కాడి కొట్లాటల నా చేతుల పార లేవకుంటె మన దాయాది పాలోడు పర్శరాములు ఇయ్యాల బతికుండేటోడు. ఆయన భార్య కోమల ఎట్లున్నది? రాయబుద్ధి కాకుంటె ఒద్దు.

నీ
అంబదాస్

*

సెప్టెంబరు.

సహజ బాపుకు,

వినోద రాసేది. అనుములు చల్లిన. లక్సెట్టిపేటల విత్తనాల దుకాణపాయన "కూరకా, అమ్ముటానికా?" అన్నడు. "భూమికి" అన్న. ఎగాదిగ చూసిండు.

ఊర్లె ఇంక ఎవలూ సరింగ మాట్లాడుతలేరు. సహజ కాలేజీకి తల దించుకొనే పోతది. నువ్వు మన్ను గురించి గంత రాసినవ్, బిడ్డను ఒక్క ముక్కల ముగించినవ్. కోపం కాదు, చెప్తున్న.

కోమల తన చేను తనే చేసుకుంటున్నది. గెట్టుకు గీ పక్క నేను, గా పక్క ఆమె. ఇద్దరం తలకాయ ఎత్తం.

ఉంట,
వినోద

*

అక్టోబరు.

వినోదా,

బిడ్డకు రాయాలంటె మొఖం చెల్లలే. కాయితం ముంగట వెట్టుకొని కూసుంట, కలం కదలది. మన్ను గురించైతె ఎంతైన రాయొచ్చు.

పూత వచ్చిందా? రామచంద్రం ట్రాక్టరు మాట్లాడు. ఆలిశం చెయ్యకు. కాయ గట్టిపడ్డదంటె మన్నుల జెల్ది కుళ్లది.

నీ
అంబదాస్

*

నవంబరు.

సహజ బాపుకు,

పూత వచ్చింది. చేనంత ఊదారంగు. చూస్తె దున్నబుద్ధి కాలే.

రామచంద్రం ట్రాక్టరుకు కోమల చేన్ల నుంచే తొవ్వ. "ఆమె సరే అంటెనే దించుత" అన్నడు. తప్పక ఆమె ఇంటికి పోయిన. పర్శరాములు పోయినంక నేను ఆ గడప తొక్కుడు గదే మొదలు.

"ట్రాక్టరుకు జర తొవ్వ ఇయ్యి కోమలా" అన్న.

నా దిక్కు చూడలే. బియ్యం చెరుగుకుంటనే, "పత్తి తొక్కుతది" అన్నది. నేను ఇంటికి మర్రొచ్చిన.

తెల్లారి చేన్లకు పోతె, తన ఎడ్లను కొట్టుకొచ్చి నిలవడ్డది.

"నీ మొగని కోసం కాదు. నా గడపకు వచ్చి అడిగినవని వచ్చిన" అన్నది.

నాగలి తనే పట్టింది. నేను ఎడ్ల ముంగట నడిచిన. పూత మన్నుల వడుతుంటె, "కాయకముందే పాయె" అన్నది. నాతోని అన్నదో, తనల తానే అనుకున్నదో.

గెట్టు పక్కకు, పర్శరాములు పడ్డ జాగకు రాంగనే ఎడ్లు ఆపింది. నాగలి ఇడిసింది. నాగలి నేను అందుకున్న. మిగిలింది నేనే దున్నిన. ఆమె ఎనుకకు తిరిగి నిలవడ్డది.

గంతే. ఇంక రాయ చేతనైతలేదు.

వినోద

*

మార్చి.

ప్రియమైన వినోదకు,

మూడు ఉత్తరాలు రాసిన, జవాబు లేదు. పరేషాన్ అయితున్న. సహజకు బాగలేదా?

ఉగాది దాటినంక ఇడుస్తరని జైలు సారు చెప్పిండు. రాంగనే కోమల కాళ్లు మొక్కుత. తర్వాత చేన్ల దిగుత. గా మన్ను ఎట్లయిందో చూడాలని పానం కొట్టుకుంటున్నది.

నీ
అంబదాస్

*

శ్రీరాంపూర్,
ఏప్రిల్.

సహజ బాపుకు,

ఆలిశమైంది. రాసుడు, చింపుడు, గిదే అయింది.

మన చేను కోమలకు ఇచ్చిన, చేసుకొమ్మని. ఆమె అడగలే. ఒద్దన్నది గూడ. నేనే బతిమాలిన. బిడ్డను తీసుకొని శ్రీరాంపూర్ వచ్చిన. హాస్టల్ల వంట చేస్తున్న. సహజ ఈడ తల ఎత్తుకొని నడుస్తున్నది.

మన్ను నువ్వు రాసినట్టే అయింది. గందుకే నీకు రాయలేకపోయిన. గా చేను మీదనే పానం వెట్టుకొని నువ్వు దినాలు ఎల్లదీసినవని నాకు ఎరుకే.

కాని ఒక్కటి చెప్పు. నువ్వు పార వట్టుకొని గెట్టుకు గీ పక్క నిలవడితె, గా పక్క ఆమె ఎట్ల పని చేస్తది? కాళ్లు మొక్కుత అంటున్నవ్. మొక్కితె నీ పానం నిమ్మలమైతది. ఆమెకు ఏమొస్తది?

భూమి నీ పేర ఉన్నది. నేను చేసింది కాదంటె గుంజుకో. గట్లయితె మా దగ్గరికి మాత్రం రాకు. సరే అంటె సక్కగ ఈడికే రా. నేను వంట కాడ ఉంటె తాళం పక్కింటి బిల్కీస్ అక్క దగ్గర ఉంటది.

వినోద

*

ఏప్రిల్.

వినోదకు,

నీ ఉత్తరం అందిన దినం పనికి పోలే. పానం బాగలేదని చెప్పిన. ముందుగాల నీ మీద కోపమొచ్చింది. అబద్ధమెందుకు. పొద్దువోయేదాంక కూసున్న. కోమల ఎనుకకు తిరిగి నిలవడ్డదని రాసినవ్ గద, గదే కండ్ల ముంగట మెదిలింది. కోపం నిలువలే.

శ్రీరాంపూరుకే వస్త. ఊరి దిక్కు పోను. సహజకు చెప్పు, బాపు వస్తుండని. ఆమెకు ఇష్టముంటెనే ఎదురు రమ్మను.

కోమల గా చేన్ల ఏం ఏస్తదట? మొలక ఎట్లొచ్చిందో ఎవలనన్న అడిగి తెలుసుకో. నేను చూడ పోను. నువ్వు చెప్తె వింట.

అంబదాస్